అదనంగా రెండు పాటలు

మదనపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న క్యాసెట్ల షాపులో నిలబడి మునిరాజ ఆ అట్టను రెండుసార్లు తిప్పి తిప్పి చదివాడు. అదే ముత్యాలమ్మ, అవే కోలాటం పాటలు. తొంభై నాలుగులో మొదటిసారి వచ్చినప్పుడు ఎనిమిది పాటలు. తొంభై ఏడులో రంగుల అట్టతో, ఒక పాట కలిపి మళ్లీ వచ్చింది. ఇప్పుడు రెండువేల ఒకటిలో ఇంకోసారి. "ఇంతవరకు ఎవరూ వినని రెండు పాటలు అదనం" అని ఎర్ర అక్షరాలతో వేశారు.

"ఆ రెండూ వేరే క్యాసెట్టేస్తే ఏమప్పా వీళ్లకు? ఉండే పాటలే ఎన్నితూర్లు కొనల్ల?" అని షాపు రామప్ప మీద ఎగిరాడు.

"వద్దంటే పెట్టేసి పో సామీ," అన్నాడు రామప్ప నవ్వుతూ. మునిరాజ పెట్టేసి పోలేడని అతనికి తెలుసు.

మునిరాజ పుంగనూరు పాలకేంద్రంలో పాల వెన్న శాతం పరీక్ష చేసే ఉద్యోగి. ముత్యాలమ్మ గొంతంటే అతనికి ప్రాణం. చుట్టుపక్కల ఏ తిరునాళ్లలో ఆమె పాడుతోందన్నా టేప్ రికార్డరు భుజాన తగిలించుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చునేవాడు.

సాయంత్రం ఇంటికొచ్చి క్యాసెట్టు పెట్టగానే మళ్లీ కోపం వచ్చింది. కొత్తవాటికి చోటు కోసం రాగులు విసిరే పాటలో చివరి చరణం కోసేశారు. అదనపు పాటల్లో మొదటిదానికి కీబోర్డు మోత తప్ప ఆమె గొంతే వినిపించలేదు. తిట్టుకుంటూనే రెండోది విన్నాడు. అందులో వాద్యాలు లేవు. దూరంగా దూడ మెడలో గంట మోగింది. తర్వాత ముత్యాలమ్మ గొంతు, తాళమేమీ లేకుండా:

"యాడుండావే హేమా... జడేస్తా రావే..."

మునిరాజ టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. అది తను రికార్డు చేసిందే.

రెండేళ్ల కిందట చౌడేపల్లె దగ్గరి వాళ్ల పల్లెకు పోయి, ఆమె ఇంటి పంచలో కూర్చుని పాటలు పట్టుకుంటూ ఉండగా, ఆమె పాడుతూ పాడుతూ పాట ఆపేసింది. తొమ్మిదేళ్లకే జ్వరంతో పోయిన కూతురు హేమావతి గుర్తొచ్చిందట. "ఆపప్పా దాన్ని," అని చెప్పి గోడవైపు తిరిగి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపే పాటైంది. మునిరాజ వేలు మీట దాకా పోయింది కానీ నొక్కలేదు. అంత గొప్పగా ఆమె ఎప్పుడూ పాడలేదు మరి. తర్వాత కుప్పంలో క్యాసెట్లు వేసి షాపులో అమ్మే గోవిందస్వామి దగ్గర, మీ దగ్గర లేని పాట నా దగ్గరుందని గొప్పలు పోయాడు. "విని ఇస్తా" అంటే ఇచ్చాడు. ఎన్నిసార్లు అడిగినా ఆ టేపు తిరిగి రాలేదు. ఇప్పుడు "ఆపప్పా" అన్న ఆమె మాట మాత్రం కోసేసి, మిగతాదంతా ఊరి మీదకు వదిలాడు గోవిందస్వామి.

మర్నాడు ఆదివారం. ఇంకెవరో చెప్పకముందే తనే చెప్పాలని పొద్దున్నే బయల్దేరాడు. పల్లె దగ్గర బస్సు దిగేసరికి ముత్యాలమ్మ అక్కడే నిలబడి ఉంది.

"ఏమప్పా మునిరాజా, ఈపక్కొస్తివి? కండ్లద్దాలు మార్చుకుందామని పుంగనూరికి పోతాండా."

"మీతోనే మాట్లాడల్లమ్మా."

"పోతా మాట్లాడుకుందాం రా. బస్సొచ్చె."

ఎక్కారు. డ్రైవరు గంగప్ప అద్దంలో ఆమెను చూసి మురిసిపోయాడు. "అమ్మా! నీ క్యాసెట్టు కొత్తది వచ్చిండాది. ఇనుకుంటా రా!" అని పెట్టాడు. అది రెండో పక్క. నాలుగు పాటల తర్వాత ఆ పాట వస్తుందని మునిరాజకు తెలుసు.

మొదటి పాటకు బస్సులో వాళ్లు ఆమె వైపు తిరిగి నవ్వారు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మునిరాజ చెప్పబోయి, కిటికీ వైపు తిరిగాడు. ప్రతి పల్లె దగ్గరా బస్సు ఆగి పాల క్యాన్లు ఎక్కించుకుంటోంది. రెండో పాట అయింది. మూడోదీ అయింది. కీబోర్డు మోత కూడా ముగింపుకు వస్తుండగా లేచి డ్రైవరు దగ్గరికి పోయాడు.

"అన్నా, టేపు ఆపన్నా."

"యాలప్పా? ఆమె పాటే గదా!"

"నీ కాళ్లు మొక్కుతా, ఆపు."

వెనక నుంచి ఎవరో "యోవ్, నీకేం నొప్పి?" అని అరిచారు. ముత్యాలమ్మ కూడా, "ఉండనీలే నాయనా," అంది. మునిరాజ టేపు మీదికి చెయ్యి పెట్టాడు. కండక్టరు ఆ చేతిని పట్టుకుని వెనక్కి తోశాడు. అప్పుడే దూడ గంట మోగింది.

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోవడం మునిరాజ చూశాడు.  వెనక సీట్లో ఒకామె కండ్లు తుడుచుకుంటోంది. "హేమా" అన్న పేరు పెద్దగా వినబడగానే ముత్యాలమ్మ కమ్మీ పట్టుకుని లేచింది.

"ఆపు," అంది.

గంగప్ప బస్సు ఆపాడు. పాట ఆగలేదు. ఆమె దిగిపోయింది.

మునిరాజ వెనకాలే దిగాడు. రోడ్డు పక్క చింతచెట్టు కింద నిలబడి, జరిగిందంతా చెప్పాడు, దేన్నీ దాచలేదు. ఆమె అతని ముఖంలోకి చూడలేదు.

"నేను ఆపమంటి గదా?"

"అంటిరి."

"అది పాట కాదప్పా. నా బిడ్డతో మాట్లాడుకుంటి."

అంతే. వచ్చిన దారినే పల్లెకు నడిచింది. రావొద్దని చెయ్యి ఊపితే అతను అక్కడే నిలబడిపోయాడు.

మరుసటి రోజు సెలవు పెట్టి, పలమనేరు మీదుగా కుప్పం పోయాడు. గోవిందస్వామి తాపీగా, "ఆ పాటతోనే గదా సార్ సరుకు కదలతా ఉండాది," అన్నాడు. మునిరాజ పట్టిన ఆ టేపు సొరుగులోంచి తీసి ఇచ్చాడు కానీ, క్యాసెట్టులోంచి పాట తీసేది లేదన్నాడు. "టేపు ఇచ్చింది మీరే గదా?"

మునిరాజ బయటికి పోకుండా అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. ముత్యాలమ్మ క్యాసెట్టు అడిగిన ప్రతి మనిషికీ, "కడపటి పాట సచ్చిపోయిన బిడ్డ కోసం ఏడ్చిన తల్లిది. వద్దన్నా దొంగతనంగా పట్టింది నేనే," అని చెప్పాడు. మొదటివాడు తెల్లబోయాడు. రెండో ఆమె క్యాసెట్టు కింద పెట్టేసింది. గోవిందస్వామి కాలరు పట్టుకున్నాడు, పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలువు. వాళ్లకూ ఇదే సెప్తా," అన్నాడు మునిరాజ. స్టూలు మీద నుంచి లేవలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి షాపు ముందు జనం గుమిగూడారు. గోవిందస్వామి పళ్లు కొరుకుతూ క్యాసెట్లకు నకళ్లు తీసే అసలు టేపు యంత్రంలో పెట్టి, ఆ పాట ఉన్నంత మేరా చెరిపేశాడు. అక్కడున్న ఆ క్యాసెట్ల డబ్బాలు కూడా లోపలికి సర్దేశాడు. ఊళ్లలోకి పోయినవాటిని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

తను ఆమె పంచలో పట్టిన టేపు తీసుకుపోయి ఇస్తే ముత్యాలమ్మ పంచలో నిలబడే అందుకుంది.

"బయట ఎన్ని ఉండాయి?"

"ఎనిమిదొందలమ్మా."

ఆమె టేపును కొంగులో చుట్టుకుంది. "ఆ బస్సులో వెనక కూర్చోని ఏడ్చినామె ఎవురో తెలుసా?"

"తెల్దమ్మా."

"నాకూ తెల్దు. అయినా నా బిడ్డ కోసం ఏడ్చిండాది," అంది. తర్వాత, "నువ్వు ఇంగ ఆ టేపు పెట్టె ఎత్తుకోని నా ముందరికి రావద్దు," అని లోపలికి పోయింది.

ఆ వేసవిలో పుంగనూరు జాతరలో ఆమె పాడింది. మునిరాజ ఉత్త చేతులతో పోయి, జనం వెనక నిలబడి విన్నాడు. రాగులు విసిరే పాట ఆమె చివరి చరణం దాకా పాడింది. అతని వైపు ఒక్కసారి కూడా చూడలేదు.