ఆయన వంతు

సెలూన్ నడిపే ఆయనకు రేడియో అన్న పేరు ఊరికే రాలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి మెడకు తెల్లగుడ్డ చుట్టింది మొదలు, అతను వెనక జుట్టు అద్దంలో చూసుకుని లేచేదాకా ఆయన నోరు మూతపడేది కాదు. ఎండలు, కూరగాయల ధరలు, పక్కవీధి గొడవలు, ప్రభువు తనకు చేసిన మేళ్లు, అన్నీ ఒకే గుక్కలో వచ్చేవి. కత్తెర ఆగినా మాట ఆగేది కాదు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ కుప్పకూలిపోయాడు. పక్షవాతం కుడి చేతినీ, కుడి కాలినీ పట్టుకుంది. మాటనైతే మొత్తంగా ఎత్తుకుపోయింది.

మొత్తంగా అంటే అన్యాయం. ఒక్క ముక్క మిగిలింది. "తల కొంచెం వంచండి." డాక్టరు పేరు అడిగితే "తల కొంచెం వంచండి" అన్నాడు. ఆ డాక్టరు పాపం నిజంగానే వంచాడు. ఆకలేస్తోందా అంటే అదే జవాబు, నొప్పిగా ఉందా అన్నా అదే జవాబు. మంచం పక్కన నిలబడ్డ భార్య పకపకా నవ్వింది. ఆ తర్వాత, నవ్వినందుకు వరండాలోకి వెళ్లి ఏడ్చింది. ఇంటికొచ్చాక జబ్బు ఇంకోసారి తిరగబెట్టి ఆ ముక్క కూడా పోయింది. ఇక రేడియోలో గరగర కూడా లేదు.

ఆ ఇంట్లో ఒక ప్రార్థన ఉంది. పుస్తకంలోది కాదు. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లామూ కలిసి అల్లుకున్నది. ఒక మాట ఆయనది, ఒక మాట ఆమెది. సాయంత్రం లైటు వేయగానే ఆయన మొదలుపెట్టేవాడు.

"ప్రభువా, ఈ పూట మా ఇంట్లో కూర్చో."

"కూర్చున్నాక తొందరపడి లేవకు," అనేది ఆమె.

"మాకు ఉన్నదంతా నీకు తెలుసు."

"లేనిదీ నీకే తెలుసు."

"రేపటి సంగతి మాకు చెప్పక్కర్లేదు."

"రేపు నువ్వుంటే చాలు."

పాస్టరుగారు మొదటిసారి విని ముక్కున వేలేసుకున్నారు. "దేవుణ్ణి కూడా నీ కుర్చీలో కూర్చోబెట్టేస్తావేంటయ్యా!" అన్నారు. "మరి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడమంటారా అయ్యగారూ?" అన్నాడు రేడియో. ఆ ప్రార్థనకు ఒక్కటే కట్టుబాటు. ఒకరి మాట ఇంకొకరు అనకూడదు. ఆయన ఆలస్యంగా వస్తే వచ్చేదాకా ఆమె అన్నం తినకుండా కూర్చునేది. పోట్లాడుకుని మూతులు ముడుచుకున్న రోజుల్లోనూ ప్రార్థన తప్పేది కాదు. ఆయన గోడకేసి చూస్తూ ప్రభువుని కూర్చోమనేవాడు, ఆమె గిన్నెలు ఎత్తి పడేస్తూ లేవొద్దనేది. అలా సగంలోనే నవ్వొచ్చి కోపం చెడిపోయిన సాయంత్రాలు బోలెడు.

ఆయన పడిపోయాక కూడా ఆమె మానలేదు. కిటికీ పక్క మంచం మీద ఆయన, స్టూలు మీద ఆమె. ఆయన వంతు వచ్చినప్పుడు, ఆ మాటకు పట్టేంతసేపు ఊరుకునేది. తర్వాత తన మాట తను అనేది. పలకరించడానికి వచ్చినవాళ్లు, ఉన్నట్టుండి "తొందరపడి లేవకు" అన్న మాట విని, తమనే అన్నదనుకుని మళ్లీ కుర్చీల్లో కూలబడేవాళ్లు.

ఆ ఊరుకున్నంతసేపూ ఇల్లంతా నీళ్ల అడుగున ఉన్నట్టు ఉండేది. కిటికీ తెర ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి, మెల్లగా వాలిపోయేది. ఎదుటి గోడ మీద వెలుతురు పసుపు నుంచి బూడిదరంగుకు మారేది. ఎక్కడో ఎవరో సైకిలు బెల్లు కొట్టేవారు. ఆయన కళ్లు తెర మీద నుంచి కదిలేవి కావు, బాగున్న ఎడమ చెయ్యి కూడా మంచం మీద ఊరికే పడి ఉండేది. ఆ కళ్ల వెనక మనిషి ఉన్నాడా, లేడా? ఆమెకు తెలియాల్సింది అదొక్కటే. నడవకపోయినా ఫరవాలేదు, మళ్లీ కత్తెర పట్టకపోయినా ఫరవాలేదు. ఉంటే చాలు. "లోపల ఎంత మిగిలిందో మేమూ చెప్పలేమమ్మా," అంది మాటలు నేర్పే డాక్టరమ్మ. ప్రభువుని అడిగితే ఆయనా ఏమీ చెప్పలేదు.

పగలు తమ్ముడి దగ్గర కూర్చోవడానికి వచ్చే ఆడపడుచు చూసి చూసి ఒకరోజు అనేసింది. "ఎన్నాళ్లమ్మాయ్ ఈ సగం ప్రార్థన? రెండు మాటలూ నువ్వే అనేసుకోరాదూ. దేవుడేమైనా నిలదీస్తాడా?"

"ఆయన వంతు ఆయనదే వదినా."

"వాడికి తెలిస్తే కదా!" అని, వెంటనే నాలుక కరుచుకుంది. తమ్ముడంటే ఆవిడకు ప్రాణం. అలా చూస్తూ తట్టుకోలేక వచ్చిన మాట అది. వదినామరదళ్లిద్దరూ వంటింట్లోకి వెళ్లి, చెరో గోడకూ ఆనుకుని కాసేపు ఏడ్చారు.

ఆమెది ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీలో పని. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, బిగించి లాగి, ఇస్త్రీ చేసే వేడి రోలర్ల మధ్యకు ఒకేసారి అందించాలి. ఒక చెయ్యి వెనకపడితే గుడ్డ వంకరపోయి రోలర్‌కు చుట్టుకుంటుంది. ఆవిరిలో గోడలు కనపడవు, పక్క మనిషి మొహం కూడా సగమే కనపడుతుంది. పొద్దస్తమానం ఆ తెల్లదనాన్నే చూస్తూ నిలబడితే, దుప్పట్లన్నీ కలిసిపోయి ఒక పొడుగాటి రోడ్డు అయ్యేవి. ఆ రోడ్డు చివర రేడియో తన తెల్లగుడ్డ దులుపుతూ నిలబడి ఉండేవాడు. పెదాలు కదిలేవి. మాట మాత్రం మిషను చప్పుడులో మునిగిపోయేది. "వినపడట్లేదండీ, గట్టిగా చెప్పండి!" అని ఆమె లోలోపల కేకేసేది.

ఆరోజు ఆ ఆవిరిలో, తనకే తెలియకుండా ప్రార్థన నోట్లోకి వచ్చింది. ఆయన వంతు దగ్గర అలవాటుగా ఆగింది. నోటితో పాటు చేతులూ ఆగాయి.

"అక్కా, చెయ్యి!" అని అవతలి కొస పట్టుకున్న పిల్ల అరిచేలోపే దుప్పటి మెలితిరిగి రోలర్‌కు చుట్టుకుంది. మాడు వాసన వచ్చింది. మిషను ఆపేశారు. సూపర్‌వైజరు కేకలేమీ వేయలేదు, అందుకే ఆమెకు ఇంకా భయమేసింది. "నీ కష్టం నాకు తెలియనిది కాదమ్మా. కానీ మళ్లీ ఇలా జరిగితే నిన్ను ఇక్కడ ఉంచుకోలేను. రేపు నీ చెయ్యి లోపలికి పోతే నేనేం చెయ్యను? ఆ పరధ్యానాన్ని ఇంట్లో వదిలేసి రా."

ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆమె ప్రభువుతో తగువు పెట్టుకుంది. నమ్మకం పోయిందని కాదు, పోయుంటే తగువు ఎవరితో? "నేను వదల్లేదు కదా," అంది. "ఎంత కష్టమొచ్చినా నీ కుర్చీ తీసెయ్యలేదు కదా. ఒక్కసారి, ఒక్క మాట, నువ్వైనా అనొచ్చుగా." ఎదురొచ్చిన ఒకాయన తననేమో అనుకుని, పక్కకు తప్పుకున్నాడు.

ఆడపడుచు వెళ్లిపోయాక ఆయనకు ఒళ్లు తుడిచి, రెండు చేతులూ సబ్బుతో కడిగి, దిండు సర్ది స్టూలు మీద కూర్చుంది. లైటు వేసింది. తెర ఉబ్బి వాలింది.

"ఏవండీ, ఇవ్వాళ్టి నుంచి రెండు మాటలూ నేనే అనేస్తాను," అంది. "నాకు ఓపిక అయిపోయింది. ఏమీ అనుకోకండి."

ఆయన తెర కేసే చూస్తున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన మాటను తన నోటితో మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ పూట..."

నోటికి ఏదో అడ్డొచ్చింది. గాలికి తెర వచ్చి తగిలిందనుకుంది. కాదు, తడి ఇంకా ఆరని వేళ్లు. సబ్బు వాసన. ఆయన ఎడమ చెయ్యి మంచం మీద నుంచి వణుకుతూ లేచి, ఆమె పెదాలను గట్టిగా మూసేసింది.

ఆమె కళ్లు తెరిచింది. ఆయన తెరను చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు, అదీ కోపంగా. క్షవరం మధ్యలో తల తిప్పే మనిషిని చూసే చూపు అది. ఆ కోపం చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

చెయ్యి తీయలేదు. ప్రభువును పిలిచి, ఈ పూట ఇంట్లో కూర్చోమనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అక్కడే ఉంచాడు. అప్పుడు తీశాడు. తీసి, గాల్లోనే పట్టుకుని ఆగాడు.

ఇన్నాళ్లూ తను వదిలిన ఖాళీ ఖాళీ కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. తను ఊరుకున్న ప్రతి సాయంత్రమూ ఆయన తన మాట తను చెప్పుకుంటూనే ఉన్నాడు. విన్నవాడు ప్రభువొక్కడే. ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమె వంతు కోసం ఎదురుచూస్తోంది.

"కూర్చున్నాక," అంది చివరికి, "తొందరపడి లేవకు."

చెయ్యి మళ్లీ వచ్చి నోరు మూసింది. ఉన్నదంతా ప్రభువుకు తెలుసని చెప్పేంతసేపు ఉంది. ఆమె కన్నీళ్లు ఆయన వేళ్ల మీదుగా మోచేతి దాకా కారాయి. అయినా తన మాట పూర్తయ్యేదాకా తీయలేదు, మహానుభావుడు. లేనిదీ ప్రభువుకే తెలుసని ఆమె అంది. మూడోసారి ఆ చెయ్యి అలసిపోయి జారబోతే, తనే రెండు చేతులతో పట్టుకుని పెదాల మీద ఆనించుకుంది. రేపటి గురించి చెప్పక్కర్లేదని ఆయన్ని చెప్పుకోనిచ్చింది.

"రేపు నువ్వుంటే చాలు," అంది తర్వాత. అన్నది ప్రభువుతోనే. చూస్తున్నది మాత్రం మొగుడి మొహంలోకి.