సాంచా ముడి

పైపులోంచి మొదట వచ్చే నీళ్లు కుక్కల మీద పడకూడదు. ఏప్రిల్ దాటితే పొద్దున్నే అవి ఒళ్లు కాల్చేంత వేడిగా వస్తాయి. సోమలింగం పైపు మూతిని గోడవైపు తిప్పి, ధారకు అరచెయ్యి అడ్డం పెట్టి, వేడి తగ్గేదాకా నిలబడ్డాడు. గోడ మీద పడ్డ తడి పడ్డట్టే ఆరిపోతోంది. వెనక రెండు వరుసల గదుల్లోనూ కుక్కలు మొరుగుతూ, జాలీ తలుపుల మీదికి ఎగురుతూ, ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

సూరత్ శివార్లలో, సచిన్ అనే ఊరు దాటాక ఫ్యాక్టరీల వెనకవైపు ఉన్న ఆ కుక్కల షెల్టర్‌లో పనికి చేరినవాళ్లు చాలామంది మొరుగుడు భరించలేక మానేస్తారు. సోమలింగానికి మాత్రం అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. నగరంలోని ఖటోదరాలో ముప్ఫై ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి. ఆ మరమగ్గాల మోత ముందు అతని ఎడమ చెవిని, తర్వాత కుడి చెవిని తినేసింది. ఇప్పుడు అన్ని కుక్కలూ కలిసి మొరిగినా ఎక్కడో దూరంగా ఎవరో వడ్లు దంచుతున్నట్టు ఉంటుంది. కుక్క గుర్రుమంటే వినపడదు. గొంతు కింద చర్మం అదరడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. మనుషుల పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటాడు. సిరిసిల్ల దగ్గరి ఊళ్లో ఉన్న భార్య వెంకటవ్వ ఫోన్లో ముఖం చూపిస్తూ నెమ్మదిగా మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని తిడుతుంది.

మూడో గది కడుగుతుంటే పార కింద మెత్తగా ఏదో తగిలింది. కుక్క చెవి. రాత్రి నీళ్ల తొట్టి దగ్గర కొట్లాట జరిగినట్టుంది. చెవి పోయిన ఎర్రకుక్క మూలన కూర్చుని, మెడ మీదికి కారిన నెత్తుటిని నాకడానికి నాలుక అందక తల విదిలిస్తోంది. విదిలించినప్పుడల్లా గోడ మీద చుక్కలు పడుతున్నాయి.

బయట పొయ్యి మీద అన్నంలో కోడితలలు కలుపుతున్న విజయరాణి గరిట ఆపి, అతని ముందుకొచ్చి నిలబడింది. ఆమెదీ సిరిసిల్ల వైపే.

"చెవిటోనికి చెవి దొరికిందా సోమన్నా? పెట్టుకో. మా వదిన తిట్లన్న ఇనబడ్తయి."

సోమలింగం నవ్వాడు. "ఇనబడకనే సంసారం నడుస్తుంది తీ."

చెవిని బకెట్లో వేసి, ఎర్రకుక్కను నడుం దగ్గర ఒడిసి పట్టుకుని డాక్టరు గదికి మోసుకెళ్లాడు. అది దారంతా అతని భుజాన్ని కొరకాలని చూస్తూనే ఉంది.

ఎండ ముదిరే వేళకు వ్యాను వచ్చింది. డ్రైవరు రాంప్రసాద్ సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. సోమలింగం తనవైపు చూసేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పాడు.

"కాకా, గ్లౌజులు తొడుక్కో. డేంజర్ మాల్ ఇది. ఖటోదరాల గల్లీ గల్లీ కల్సి పైపులతోని కొట్టిన్రు. ఎవడో మీద వేడినీళ్లు పోసిండట, వాని పిక్క పట్టింది. ఇంక ఊకుంటరా?"

వలలో ముసలి నల్లకుక్క ఉంది. మూతి నెరిసిపోయింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. వీపు మీద వెంట్రుకలు ఊడి, కింది చర్మం ఎర్రగా బొబ్బలెక్కింది. వెనక కాలు మోకాలి దగ్గర తిరగబడి, తెల్లగా ఎముక బయటికి పొడుచుకొచ్చింది. ఈగలు ముసురుతున్నాయి. సోమలింగం కళ్లు వాటి మీద ఆగలేదు. బొటనవేలంత మిగిలిన తోక మీద ఆగాయి.

ఆ తోక సాంచాను తిప్పే పట్టాలో పడి నలిగిన రోజు అతనే దారం కత్తెరతో వేలాడుతున్న చర్మం కత్తిరించి, పసుపు అద్ది కట్టు కట్టాడు. అప్పుడది గుప్పెడంత పిల్ల. మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు కండెలను నోట కరుచుకుని కార్ఖానా అంతా పరిగెత్తేది. అందరూ దాన్ని కండె అనేవాళ్లు. సోమలింగం సాంచా కిందే పడుకునేది, అతని డబ్బాలోనే తినేది. ఆ మోతలో పెరిగి అదీ అతనిలాగే చెవిటిదైంది. సేటు సాంచాలన్నీ తుక్కు కింద అమ్మేసి కార్ఖానాకు తాళం వేసిన రోజు, పరుపు చుట్ట టెంపోలో వేసుకుని అతను ఎక్కాడు. అది పెద్ద రోడ్డు దాకా టెంపో వెంట పరిగెత్తింది. అతను ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"కండే," అని వంగి, వలలోకి ఉత్త చెయ్యి పెట్టాడు.

దానికి వినపడలేదు. ఎముక తగిలేదాకా కరిచింది. లాగితే కండ చీలుతుందని సోమలింగానికి తెలుసు. పళ్లు బిగించి, దాని పట్టు సడలేదాకా చేతిని అలాగే ఉంచాడు. మోచేతి మీదుగా నెత్తురు కారి వ్యాను రేకు మీద పడింది. రాంప్రసాద్ కర్ర ఎత్తాడు.

"కొట్టకు," అన్నాడు సోమలింగం. "గిది నాదే."

అక్కడ చేరినప్పటి నుంచీ అతను దేన్నీ నాది అనలేదు. రాంప్రసాద్ కర్ర దించాడు.

డాక్టరు శ్రీలేఖ ఆపరేషన్ మధ్యలోంచి నెత్తుటి గ్లౌజులతోనే బయటికి వచ్చింది. ముఖానికున్న మాస్కు కిందికి లాగి అతని ఎదుట నిలబడింది.

"కాలు తీసేయాలి సోమలింగం గారూ. బతుకుతుంది. కానీ మూడు కాళ్ల ముసలిదాన్ని మళ్లీ వీధిలో వదల్లేం. ఇక్కడ చోటు లేదు, మీకు తెలుసుగా."

"నేను దీస్కపోత అమ్మా. ఉన్ బస్తీల నా రూముల ఉంటది. నేనొక్కన్నే గదా."

"సరే. మూతి కట్టండి. లోపల ఒక్క కుట్టు వేసేసి వచ్చి ఇంజక్షన్ ఇస్తా. వదిలేసి మాత్రం వెళ్లకండి, ఈ ఎండలో."

కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి నాలుకతో రొప్పితేనే లోపలి వేడి బయటికి పోతుంది. అందుకే ఎండాకాలంలో మూతి కట్టడమంటే ప్రాణం బిగించినట్టే. ఒక కొస లాగగానే ఊడిపోయేలా జారుముడి వేయాలి. చేరిన కొత్తలో డాక్టరమ్మ తన మణికట్టు మీదే అతని చేత వేయించి నేర్పింది.

మేకుకు వేలాడుతున్న చీర అంచు పీలికల్లోంచి ఒకటి లాగి, సోమలింగం కండె మూతి చుట్టూ తిప్పాడు. గవద కింద మెలేసి, మెడ వెనక్కి తెచ్చి ముడి వేశాడు. ముడి వంక చూడలేదు. దాని తెరిచిన కంటివైపే చూస్తున్నాడు. ముఖం దగ్గరికి పెట్టాడు. అది అతని చొక్కా వాసన చూసింది. బొటనవేలంత తోక ఒకసారి కదిలింది.

అంతలో రాంప్రసాద్ అతని భుజం పట్టి గుంజాడు. "కాకా! వెనక గేటు! గడియ ఊడింది! చంపుకుంటున్నయ్!"

సోమలింగం విజయరాణిని చెయ్యూపి పిలిచాడు. "జర ఇక్కడ కూసో. ఇది రొప్పితె మెడ ఎన్క కొస గుంజు. ఊడొస్తది."

వెనక పెరట్లో దుమ్ము లేచింది. రెండు గదుల మగకుక్కలు కలిసిపోయి, కింద పడ్డ ఒక గోధుమరంగు కుక్కను నాలుగు వైపుల నుంచీ లాగుతున్నాయి. ఒకటి గొంతు పట్టింది. ఒకటి పొట్ట చీల్చింది. సోమలింగం రేకు మూతను వాటి మధ్యలోకి దూర్చి, గొంతు పట్టినదాని వెనక కాళ్లు రెండూ పట్టుకుని, బండి నొగలు ఎత్తినట్టు ఎత్తి వెనక్కి లాగాడు. అది తిరిగి అతని తొడ కరిచింది. జాలీకేసి విసిరాడు. రాంప్రసాద్ పైపు తిప్పి వేడినీళ్లే కొట్టాడు. కుక్కలు అరుస్తూ చెదిరాయి. మళ్లీ కలిశాయి. సోమలింగం ఒక్కొక్కదాన్నీ మెడ పట్టి ఈడ్చి గదిలో వేసి తలుపు మూస్తూ పోయాడు. గోధుమరంగు కుక్క పేగులు మట్టిలో పరుచుకున్నాయి. అది ఇంకా లేవాలని ముందుకాళ్లు ఆడిస్తూనే ఉంది. కాసేపటికి ఆడించడం మానేసింది.

అప్పుడు రాంప్రసాద్ వరండావైపు తల తిప్పాడు. ఏదో విన్నట్టు. అతని ముఖం చూసి సోమలింగమూ తిరిగాడు.

విజయరాణి నేల మీద కూర్చుని ఉంది. చేతిలో ఉల్లిగడ్డలు తరిగే కత్తి. ఒళ్లో నల్లటి తల. నురగ ఆమె చీరంతా అయింది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో, మెడ నరాలు తేలాయి. సోమలింగం కుంటుకుంటూ దగ్గరికి వచ్చి ఆమె పెదవులు చూశాడు.

"ఊడలే అన్నా. కొస గుంజిన. గుంజినకొద్ది బిగిసింది. నిన్ను ఎంత పిలిస్తి... కత్తికోసం ఉరికిన..."

శ్రీలేఖ పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. కండె ఛాతీ మీద చెయ్యి పెట్టి, కాసేపుంచి, తీసేసింది. నాలుక నీలంగా బయటికి జారి ఉంది. అందరూ ఏదో అంటున్నారు. సోమలింగానికి డాక్టరమ్మ పెదవుల మీద ఒక్క మాటే తెలిసింది. ఎండ.

అతను తెగిన పీలిక తీసుకుని ముడిని తిప్పి చూశాడు. ఎవరు వేశారో చెప్పనక్కరలేదు. తెగిన పోగులను అతికే సాంచా ముడి అది. ముప్ఫై ఏళ్లు అతని వేళ్లు కళ్లతో పనిలేకుండా వేసిన ముడి. ఆ ముడి జారితే బట్టలో లోపం వచ్చేది, సేటు బూతులు తిట్టేవాడు. సోమలింగం ముడి ఎన్నడూ జారలేదు.

తొడకూ చేతికీ కట్లు కట్టి సూదిమందు వేశారు. సాయంత్రం వెనక గోడ పక్కన గుంట తవ్వి, రెండు కుక్కలనూ అందులో పెట్టి సున్నం చల్లాడు. కండె నెత్తిని ఒకసారి తట్టాడు. గదులు మళ్లీ కడిగాడు. నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. వెళ్లేముందు వెంకటవ్వ ఫోను చేసింది. చేతికి ఆ కట్టేంది అని అడిగింది. ఆమె పెదవులు స్పష్టంగా కనిపించాయి. ఈసారి అతనే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను పనికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రాంప్రసాద్ ఉన్‌కు వెళ్లి చూస్తే గదికి తాళం ఉంది.

వరండాలో మేకుకు చీర అంచు పీలికలు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి మాత్రం కండె మూతికి కట్టినది, ఒక పక్కన కత్తితో తెగి ఉంది. నడుమ చింతగింజంత ముడి, బిగిసింది బిగిసినట్టే ఉంది.