ఏడో మంచం కింది మాట

పొద్దున ఆరున్నరకు వార్డు ఊడ్చే ఆయమ్మ చేటలో దుమ్ము, దూదితో పాటు నాలుగైదు అంకెలు కూడా ఉండేవి. లెక్కపెట్టకుండా రాసిన అంకెలు ఆ ఆసుపత్రిలో కాగితం మీద నిలిచేవి కావు, తెల్లారేసరికి రాలి మంచాల కింద పడేవి. ఎక్కువగా పద్దెనిమిదులే. రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో గడియారం చూస్తూ లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? పద్దెనిమిది అని రాసేస్తే ఎవరూ అడగరు. ఆయమ్మ ఊడ్చేసేది, చిన్న సిస్టర్లు నాలుక కరుచుకుని మళ్లీ రాసుకునేవాళ్లు.

పెద్ద సిస్టర్ రాసినవి మాత్రం ఎప్పుడూ రాలలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు, చేయి తిరిగిన మనిషి. "రోగిని నిలబడి చూడకండి, కూర్చుని చూడండి" అని కొత్తవాళ్లకు పాఠాలు చెప్పేది. చెప్పడంలో కాస్త గొప్ప కూడా ఉండేది, ఉన్నమాట చెప్పుకోవాలి.

ఆ రోజు డ్యూటీ మారే వేళ, సిస్టర్లందరూ ఉండగా, ఆయమ్మ కొంగులో ఏదో పట్టుకుని వచ్చింది.

"సిస్టరమ్మా, ఇది ఏడో మంచం కింద దొరికింది. అంకెలైతే పారేస్తా. మాటని పారేయడానికి చేతులు రాలేదు."

కొంగు విప్పింది. "ప్రశాంతం" అని ఉంది. గుండ్రటి అక్షరాలు, పెద్ద సిస్టర్ చేతిరాత.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పెద్ద సిస్టర్‌కు తల తీసేసినట్టయింది.

ఏడో మంచం దర్జీది. కుడిచేతికి ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. నోట్లో నాలుక లేని మనిషి. గాయం మానింది, ఇవాళ ఇంటికి పంపేస్తున్నారు. పంపే ముందు నింపే కాగితంలో మనసు ఎలా ఉందని ఒక గడి ఉంటుంది. నిన్న సాయంత్రం ఆమె మంచం కాళ్ల దగ్గర నిలబడే ఆ మాట రాసేసింది. గొడవ చేయనివాడు ప్రశాంతంగా ఉన్నట్టే కదా అనుకుంది.

ఇప్పుడు వెళ్లి స్టూలు వేసుకుని కూర్చుంది. నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. ఇరవై ఆరు.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"బాగానే ఉన్నానమ్మా."

"అది కాదు నేనడిగింది. పడుకున్నారా?"

దర్జీ వంగని రెండు వేళ్ల వైపు చూసుకున్నాడు. "నాలుగు రాత్రులైంది. సూది పట్టలేనివాణ్ని, ఇంటికెళ్లి ఏం చేయను? దారిలోనే ఎక్కడో అయిపోతే మేలు."

"చచ్చిపోవాలని ఉందా?"

"ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని మొదట్లో చూశాను."

ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనసు డాక్టరుకు కబురు పంపి, ఆయన వచ్చి పంపడం ఆపేదాకా స్టూలు మీంచి లేవలేదు. మీ ఇంటావిడకు చెప్పనా అంటే దర్జీ తలూపాడు.

పదింటికి ఆవిడ ఉతికిన చొక్కా పట్టుకుని వచ్చింది.

"ఇవాళ పంపడం లేదమ్మా. ఆయనకు నాలుగు రాత్రులుగా నిద్ర లేదు, బతకాలని లేదంటున్నారు."

"హాయిగా ఉన్నారని నిన్న ఫోన్లో అన్నది మీరే కదా?"

చిన్న సిస్టర్లు చూస్తున్నారు.

"నేనే. అడగకుండానే అన్నాను. తప్పు నాదే."

తిడుతుందనుకుంది. తిడితే కొంత భారం దిగేది. ఆవిడ చొక్కా మడత విప్పి, మళ్లీ మడిచింది.

"నేనూ అడగలేదమ్మా. ఇంటికొస్తే అదే సర్దుకుంటుందిలే అనుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. కాసేపటికి ఆవిడ ఏడో మంచం దగ్గరికి వెళ్లి, స్టూలు లాక్కుని, భర్తను అడిగింది.

"రాత్రంతా ఏం ఆలోచిస్తున్నావు?"