తీసేసిన పేరా

కోడలు రాసే రిలీజ్ నోట్స్‌ని ఆ ఇంట్లో మొదటి నుంచి చివరిదాకా వినే మనిషి మామగారొక్కరే. ఆయనకు చూపు పోయి చాలా ఏళ్లయింది. తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి ఆయనకు తోడు. కోడలి కంపెనీ చేసే ఆపరేటింగ్ సిస్టమ్‌కి కొత్త వెర్షన్ వచ్చిందంటే, ఏం మారింది, ఎక్కడ మొరాయిస్తుంది, మొరాయిస్తే ఏం చేయాలి అని చెప్పే ఆ నోట్స్‌ని కుర్చీలో వెనక్కి వాలి కథ విన్నట్టు వినేవాడు.

"రాసేది నువ్వు, వినేది నేను. మూడో మనిషి ఉంటే చూపించమ్మా, నా కుర్చీ రాసిచ్చేస్తాను," అని ఆటపట్టించేవాడు.

ఈసారి ఆమె రాసింది తక్కువ, కోసింది ఎక్కువ. పాతవి పోకుండా కొత్తవి వచ్చి చేరి నోట్స్ కొండలా పెరిగాయి. ఇప్పుడెక్కడా దొరకని ప్రింటర్ల గోల, ఎప్పుడో సరిచేసిన తప్పుల గోల. పాతదంతా తీసేయమన్నాడు మేనేజర్. పద్ధతి తేలికే. ఒక్కో పేరాకి ఒక ఫిర్యాదు నంబరు ఉంటుంది. కంప్యూటర్‌లో ఆ ఫిర్యాదు 'ముగిసింది' అని ఉంటే పేరా ఎగిరిపోతుంది. ఆమె మొహమాటం లేకుండా కోసుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం మామగారికి కొత్త నోట్స్ వినిపించింది.

"చిక్కి సగమైందే! జ్వరమేమైనా తగిలిందా?"

"పాత కొవ్వు తీసేశాను మామయ్యా."

"మంచిపని చేశావు. అక్కర్లేనివన్నీ మోసుకు తిరగడానికి మనుషులం ఉన్నాం, చాలదూ!"

కంపెనీవాళ్ల ఇళ్లలో ట్రయల్ వెర్షన్ ముందుగా వాడి చూడటం మామూలే. ఆయన కంప్యూటర్‌కి అప్‌డేట్ పెట్టి, దానంతటదే ఎక్కుతుందిలే అని వదిలేసి వెళ్లి పడుకుంది.

పొద్దున్నే లేచి ప్రార్థన పుస్తకంలో ఒక అధ్యాయం వినడం ఆయన అలవాటు. ఎవరి సాయమూ అడక్కుండా రోజులో ఆయన చేసుకునే మొదటి పని అదే. ఆ పూట గదిలోంచి చప్పుడే లేదు. ఆమె టీ పట్టుకుని వెళ్లేసరికి, కీబోర్డు పక్కన చేతులు పెట్టుకుని బొమ్మలా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెర మీద ఇంతలేసి అక్షరాలు: గొంతు వినపడకపోతే ఈ రెండు మీటలూ కలిపి నొక్కండి.

ఆమె టీ పక్కన పెట్టేసింది. "ఎంతసేపైంది మామయ్యా ఇలా?"

"ఏమోనమ్మా. గుర్తున్నంతవరకు నేనే పైకి చదువుకున్నాను. రోజూ దేవుడు చెప్పడం, నేను వినడమేగా. ఇవాళ ఆయన వినాలనుకున్నాడేమో అనుకున్నా." నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"అప్‌డేట్ ఎక్కాక చదివే గొంతు పడుకుంటే నొక్కాల్సిన మీటలు పాత నోట్స్‌లో ఉండేవిగా? మర్చిపోయారా?"

"మర్చిపోవడమా! వేళ్ల చివర్న ఉన్నాయి. కానీ నువ్వు తీసేశావుగా. తీసేశావంటే ఆ గొడవ తీరిపోయిందనేగా. నేనే ఏదో చెడగొట్టి ఉంటాను, ఇంకేదో నొక్కి మరీ పాడుచేస్తే నీకే పని అని ఊరుకున్నా."



ఆఫీసుకి వెళ్లీ వెళ్లగానే ఆ గొంతు ఫిర్యాదుని ముగించిన కోడర్ దగ్గరికి నడిచింది. అతన్ని అందరూ గడ్డం అని పిలుస్తారు.

"అది సరిచేశానక్కా! ఏ మీటలు నొక్కాలో తెర మీదే చెబుతోందిగా. పరీక్షించే ముగించాం."

"ఎలా పరీక్షించారు?"

"ఎలా ఏంటక్కా, చూసి..." అన్న మాట అతనికే వినపడింది. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నా బుద్ధి కాలా! చూడలేని వాళ్లకి చదువుకోమని రాసిపెట్టానా?"

తిట్టడానికి ఆమెకు మనసు రాలేదు. "నేను మాత్రం? 'ముగిసింది' అన్న ఒక్క మాట చూసి కోసేశాను. ఇద్దరం కళ్లున్నవాళ్లమే."

కోడ్ సరిచేస్తామని ఇద్దరూ వెళ్లి అడిగితే మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. "ఈ సాయంత్రమే విడుదల. కోడ్ ఇక ముట్టుకోం."

"అయితే ఆ పేరా వెనక్కి రావాలండీ. ముందుగా విని ఉంటే చేతులకి గుర్తుంటుంది."

"ముగిసిన ఫిర్యాదుకి నోట్ ఏంటి మేడమ్? అయినా అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?"

"మా ఇంట్లో ఒకరున్నారు. మూగబోయిన మిషన్ ముందు కూర్చుని, తప్పు తనదే అనుకున్నారు."

అనేశాక ఆమెకే బెరుకు పుట్టింది. ఇంటి మనిషి కోసమేనా ఈ పట్టుదల? అయితే మాత్రం? ఇంట్లో కష్టమే కంటికి ఆనకపోతే, బయటివాళ్ల కష్టం దేవుడు మాత్రం ఎలా చూపిస్తాడు?

"ముగించింది నేనే కదా సార్, నేనే మళ్లీ తెరుస్తాను," అన్నాడు గడ్డం.

మేనేజర్ ఇద్దరి వంకా చూసి నిట్టూర్చాడు. "తెరిచి ఉన్నదాన్ని తీసేయమని నేనెలా అంటాను? పెట్టండి."

ఆమె పేరా పెట్టింది. అంతటితో లేవలేదు. కోసినవన్నీ మళ్లీ ఒక్కొక్కటే చూసుకుంది. ప్రింటర్లకు మాత్రం నిశ్చింతగా సెలవిచ్చింది.

సాయంత్రం ఆమె చదువుతున్న నోట్స్ వింటూ మామగారు చెయ్యెత్తాడు. "ఆగాగు. వచ్చాడే మన పాత చుట్టం!"

"పోయాడనుకుని తొందరపడ్డాను మామయ్యా. చెడగొట్టింది మీరు కాదు, నేను."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఏదీ, ఎక్కించు" అన్నాడంతే.

కొత్త వెర్షన్ ఎక్కింది. మిషన్ ఆగి, మళ్లీ లేచింది. చప్పుడు లేదు. సాయం చేయబోయిన చేతుల్ని ఆమె ఒళ్లో బిగబట్టుకుంది. ఆయన వేళ్లు తడుముకోకుండా వెళ్లి రెండు మీటల మీద వాలాయి. గొంతు లేచింది. ప్రార్థన పుస్తకం తెరిస్తే పొద్దున రావాల్సిన అధ్యాయం మొదలైంది.

"ఇక నువ్వు వెళ్లమ్మా," అన్నాడు వెనక్కి వాలుతూ. "పొద్దున నేను చెప్పాను. ఇప్పుడు ఆయన వంతు."