కాగిన సముద్రం

తాండూరుల సత్యమ్మ ఇంట్ల గీజర్ లేదు. తాహతు లేక కాదు, నాపరాయి గని ఉన్న ఇల్లది. కొడుకు రాజేందర్ పాలిష్ మిషన్లు నడిపిస్తడు. అవసరం పడలేదంతే. సత్యమ్మకు కోపమొస్తే దగ్గరున్న నీళ్ళు కాగుతయి. పొద్దుగాల పాలు పల్చగున్నయనో, వీధిల కుక్కను ఎవడో రాయితోని కొట్టిండనో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది, ఆ ఊపుల ఇంటిల్లిపాది స్నానాలు కానిచ్చేటోళ్ళు. పెనిమిటి మల్లప్ప బతికున్నన్ని రోజులు చలికాలం రాంగనే పనిగట్టుకొని ఆమె పుట్టింటోళ్ళను ఒక మాట అని, తువ్వాల భుజానేస్కొని బాత్రూంల దూరేటోడు.

వాడకట్టుల ఎవరింట్ల బాలింత ఉన్నా బిందె పట్టుకొని సత్యమ్మ కాడికే వచ్చేటోళ్ళు. ఊకెనే వస్తే నీళ్ళు కాగవు. ఎవరికో జరిగిన అన్యాయం ఒకటి చెప్పాలె, అది నిజమై సుత ఉండాలె. ఒకామె తన ఆడబిడ్డ మీద లేనిపోనిది కల్పించి చెప్తే బిందెల నీళ్ళు సల్లగనే ఉన్నయి.

"అబద్ధానికి నాకు కోపం రాదే. పో, పొయ్యి మీద పెట్టుకో" అని సత్యమ్మ బిందె వాపసిచ్చింది.

గిసొంటి మనిషికి ఓడలంటే పానం. మల్లప్ప వెనుకట రాయి అమ్మనీకి బొంబాయి పోయి, రేవుల నిలబడ్డ ఓడను చూసొచ్చి రాత్రంత నిద్రపోలేదు. మల్లొచ్చిన యేడు పెండ్లాన్ని తీస్కపోయి ఎక్కించిండు. ఆయన పోయినంక సత్యమ్మ మరిది పెండ్లాం, తన యారాలు కొండమ్మను వెంటేస్కొని పోవుడు మొదలుపెట్టింది. కందులు ఇంటికి రావాలె, వీళ్ళు బొంబాయి రైలెక్కాలె. "సత్యమ్మ ఓడకు పోయిందా?" అని తాండూరుల ఎవరన్న అడిగితే ఎండకాలం దగ్గరికొచ్చిందన్నట్టు.

పాత ఓడల మజానే వేరు. ఎక్కిన రోజు ఏ బల్ల కాడ కూసుంటరో దిగేదాక అదే బల్ల, వడ్డించే పిలగాడు సుత అతనే. రెండో పూటకల్ల "అమ్మా, మీకు కారం ఎక్కువ కదా" అని తనంతట తానే పచ్చిమిరపకాయలు తెచ్చేటోడు. సత్యమ్మ ఇంట్ల ఒక రివాజుంది. పని చేసినోళ్ళ కంచం నిండినంకనే ఇంటోళ్ళు తినాలె. గనిల బండ మోసినోళ్ళైనా, చేన్ల కంది కోసినోళ్ళైనా అంతే. ఓడ మీద సుత ఆమె ఆ రివాజు ఇడ్వలే. గది ఊడ్వొచ్చినోళ్ళను కూసోబెట్టి, సంచిలకెల్లి గట్టిగ కాల్చిన కడక్ రొట్టె తీసి, పల్లీల పొడి పెట్టి, వాళ్ళు తింటుంటే చూసి అప్పుడు తాను తినేది. ఆ ఓడ పెద్దమనుషులు చూసి చూడనట్టు పోయేటోళ్ళు.

ఆ ఓడ ముసలిదైందని తుక్కు కింద కొట్టేసిన్రు. ఈ యేడు రాజేందర్ కొత్తదాంట్ల బుక్ చేసిండు.

"మస్తు ట్రెండింగ్ ఉందమ్మా. అందరు దీంట్లనే పోతున్నరు" అన్నడు.

అందరు పోతే మంచిదైతదా? అందరు పోయే తొవ్వల బురద ఎక్కువుంటది. ఎక్కంగనే సత్యమ్మ చేతికి ఒక పట్టీ కట్టిన్రు, పుట్టిన పిల్లకు దవాఖానల కట్టినట్టు. తలుపు తెరవాలన్నా పట్టీనే, నీళ్ళు తాగాలన్నా పట్టీనే. లిఫ్టుల మీటలే లేవు. ఎక్కడికి పోవాల్నో బయటనే చెప్పాలెనట, లోపలికి పోయినంక మనసు మారితే మన ఖర్మ. సత్యమ్మ అన్నం కోసమని ఎక్కి పచ్చబొట్లు పొడిచే అంతస్తుల దిగింది. అన్నం తినే పెద్ద హాలు తీసేసిన్రు. దాని జాగల చిన్న చిన్న కొట్లు పెట్టి, దేంట్ల తినాల్నన్నా ముందుగాల ఫోన్ల వంతు పెట్టుకోవాలన్నరు. గోడల మీద రంగురంగుల లైట్లతోని ఏందేందో రాసిన్రు, దాని ముంగట నిలబడి జనం మూతులు ముడుచుకొని ఫోటోలు. ఒక మరచెయ్యి గ్లాసుల్ల సర్బత్తు పోస్తుంటే దానికి చప్పట్లు. మనిషి పోస్తే చప్పట్లు కొట్టినోడు ఒక్కడన్న ఉన్నడా?

"నా బొంద ఓడ. అంగడిని తెచ్చి నీళ్ళ మీదేసిన్రు" అన్నది సత్యమ్మ.

"నువ్వు గిట్లనే కోపంల ఉండక్కా" అన్నది కొండమ్మ బాత్రూంలకెల్లి. "గీ నల్లాల వేడినీళ్ళు ఎట్ల తిప్పాల్నో నాకు అర్థమైతలేదు."

సత్యమ్మకు ఆ ఓడల నచ్చింది ఒక్క తూబానే. గది సర్దనీకి వచ్చిన పిల్ల. దుప్పటి దులుపుకుంట కొండమ్మ మాటలిని ఆగి, "అమ్మా, మీది తాండూర్ దిక్కేనా?" అన్నది.

"నీదెక్కడ బిడ్డా?"

"వికారాబాద్. మా అబ్బా అజమత్, బస్టాండ్ ఎనక పరుపులు కుడ్తడు."

ఇగ సత్యమ్మకు పట్టపగ్గాల్లేవు. సొంత బిడ్డ దొరికినట్టయింది. తూబా నవ్వుకుంటనే అన్ని చెప్పింది. ఆడపిల్లను నీళ్ళ మీదికి తోలినవా అని చిన్నాయనలు అబ్బాతోని మాటలు బంద్ పెట్టిన్రు. ఈ నౌకరి నిలబడితేనే ఆయన తల ఎత్తుకొని మసీదుకు పోతడు. మధ్యల వాపసు పోతే మాత్రం "మేం చెప్పలేదా" అననీకి అందరు తయారుగ ఉన్నరు.

"తిన్నవా?" అన్నది సత్యమ్మ.

"తింటనమ్మా, తర్వాత."

"తర్వాత లేదు, ఎల్లుండి లేదు. కూసో."

"వద్దమ్మా. గెస్టు రూంల కూసోవద్దు, తినొద్దు. గీ ఓడల రూల్స్ చాన కడక్ ఉంటయి."

"నా రొట్టె కన్న కడకా?" అని సత్యమ్మ పిల్ల చెయ్యి పట్టి గుంజి మంచం మీద కూసోబెట్టింది. తూబా ఇంకో రెండుసార్లు వద్దన్నది. సత్యమ్మ ఇనలేదు. రొట్టె ఇరిచి చేతుల పెట్టినంక పొడి వాసనకు ఆ పిల్ల కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. గబగబ తిని, మూతి తుడుచుకొని పోయింది.

తెల్లారి గది సర్దనీకి వేరే పిలగాడొచ్చిండు. తూబా ఏదంటే తల అడ్డంగ ఊపిండు. సత్యమ్మ కొంగు నడుముకు చెక్కి రిసెప్షన్ కాడికి పోయింది. అక్కడ సుశాంత్ అనే మేనేజర్ ఉన్నడు. హైదరాబాద్ పోరడు, ఇస్త్రీ చేసినట్టు నవ్వుతడు.

"ఆమెను డ్యూటీ నుంచి తీసేశాం మేడమ్. ఈ మధ్యాహ్నం కొచ్చిలో దిగిపోతుంది. స్టాఫ్ చేతికి కూడా బ్యాండ్ ఉంటుంది కదా, గెస్ట్ రూమ్‌లో ఎక్కువసేపు ఉంటే సిస్టమే పట్టేస్తుంది. డోర్ దగ్గరి కెమెరా చూస్తే మీ బెడ్ మీద కూర్చుని తింటోంది. మీకు ఇబ్బంది కలిగినందుకు సారీ."

"నాకేం ఇబ్బందయ్యా? నేనే పెట్టిన. నేనే కూసోబెట్టిన!"

"మీ మంచితనం మేడమ్. కానీ ఇదంతా మీ ఎక్స్‌పీరియన్స్ కోసమే."

సత్యమ్మ ఏమనలేదు. ఆమె ఏమీ అనలేదంటే తాండూరుల అయితే జనం బిందెలు దూరం జరుపుకునేటోళ్ళు. బల్ల మీది పూలకుండీల నీళ్ళు బుడబుడమన్నయి. మీది అంతస్తుల ఈతకొలనుల ఉన్నోళ్ళు కెవ్వుమని బయటికి దుంకిన్రు, ఆవిరి లేచి పాటలు పెట్టే పోరడు కనపడకుండ పోయిండు. మరచెయ్యి పోసే సర్బత్తుల మంచు నిలబడలేదు. ఒక్క మెతుకు తిన్నందుకు పిల్లను దించేస్తరా? వీళ్ళిండ్లల్ల అన్నం పొయ్యి మీద వండుతరా, కంప్యూటర్ల వండుతరా? మనిషి ఆకలిని కెమెరాల చూసి నేరమని రాసుకునేటోడు ఏం పుట్టుక పుట్టిండు? థూ!

కొచ్చి ఒడ్డు కనపడుతుండంగనే ఓడ ఆగింది. జర సేపటికి మైకుల చెప్పిన్రు. ఇంజన్ సల్లబడనీకి లోపలికి తీసుకునే సముద్రం నీళ్ళు వేడిగొస్తున్నయి, ప్రయాణికులల్ల ఎవరికన్న బాగా కోపమొచ్చి ఉంటే దయచేసి రిసెప్షన్ కాడ కలవాలె అని. జనం ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. సత్యమ్మ అక్కడనే ఉండె కాబట్టి కదలలేదు.

కెప్టెన్ వచ్చిండు. తెల్లజుట్టు, టోపి చంకల పెట్టుకున్నడు. హిందీల మర్యాదగనే అన్నడు. "అమ్మా, ఒక ఓడ ఆగితే ఎనక వచ్చేవన్ని ఆగుతయి. జర శాంతించున్రి."

"శాంతించనీకి నా చేతుల లేదు నాయనా. నల్లా కాదు నా కోపం, తిప్పితే బంద్ కానీకి. ఆ పిల్లను నౌకరిల పెట్టున్రి, అదే సల్లబడ్తది."

కెప్టెన్ సుశాంత్ దిక్కు చూసిండు. సుశాంత్ ఫోన్ల ఎవరితోనో మాట్లాడొచ్చిండు.

"ఓకే మేడమ్, ఉంచుతాం. ఒక చిన్న ఫార్మాలిటీ. గెస్ట్‌ని తిండి తనే అడిగి పెట్టించుకున్నానని, ఇంకోసారి అలా చేయనని ఆమె రాసివ్వాలి. కెమెరాలో ఉంది కదా, ఎవరో ఒకరు ఒప్పుకోవాలి."

తూబాను పిలిపించిన్రు. సామాను సంచి భుజానుంది. మొఖం మీద నవ్వు అట్లనే ఉంది. వాళ్ళు చెప్పింది నిలబడి ఇన్నది, కాయితం ముంగటేస్కొని పెన్ను తీసింది.

"రాయకు!" సత్యమ్మ బల్ల మీద గుద్దింది. గోడ లోపలి గొట్టాలు గుర్రుమన్నయి. "నేను పెడ్తే తిన్నవు. అడుక్కున్ననని రాస్తవా? బుద్ధుందా నీకు? ఎట్ల దించుతరో నేను చూస్త. ఈ ఓడను గిక్కడనే నిలబెడ్త!"

తూబా తల ఎత్తింది.

"ఎన్ని రోజులు నిలబెడ్తరమ్మా?" మెల్లగనే అన్నది. "రేపో ఎల్లుండో మీరు తాండూర్ పోతరు. నేను వీళ్ళ తోనే ఉండాలె. నిన్న వద్దన్న. మూడుసార్లు వద్దన్న, మీరు ఇన్నరా? కూసో అన్నరు, కూసున్న. తిను అన్నరు, తిన్న. ఇయ్యాల రాయకు అంటున్నరు. మీ కోపానికి నీళ్ళు కాగుతయి, అందరు ఇంటరు. నాకు కోపమొస్తే నౌకరి పోతది. గంతే."

సత్యమ్మ బల్ల మీదికెల్లి చెయ్యి తీసింది. ఇన్నేండ్లు ఆమె పెట్టిన రొట్టెలన్ని గుర్తుకొచ్చినయి. ఆ తిన్నోళ్ళల్ల ఎందరు వద్దన్నరో, ఎందరి చెయ్యి తాను గుంజి కూసోబెట్టిందో. ఆ పాత ఓడల ఎవరికేమైందో తాను ఎన్నడన్న అడిగిందా? తన రివాజు, తన పుణ్యం, తన కడుపు నిండుడు. సిగ్గుతోని ఆమెకు పెయ్యంత సల్లబడ్డది. పూలకుండీల బుడగలు ఆగినయి. కాళ్ళ కింద ఇంజన్ మల్ల మొదలైన చప్పుడు తెలిసింది.

"థాంక్యూ మేడమ్" అన్నడు సుశాంత్. కెప్టెన్ టోపి పెట్టుకొని పోయిండు.

కొండమ్మ సత్యమ్మను పక్కకు కూసోబెట్టి గ్లాసుల నీళ్ళు తెచ్చిచ్చింది. తూబా రాయవట్టింది. గదికి పోయింది రాసింది. ఆకలైందని రాసింది. "అడుక్కున్న" అన్న మాట కాడ పెన్ను ఆగింది. మల్ల నడిచింది. కింద దస్తకత్ చేసి పెన్ను పెట్టేసింది.

"గుడ్. ఇప్పుడు లాగిన్ చేద్దాం" అని సుశాంత్ ఫోన్ ఆమె మొఖం ముంగట పట్టుకున్నడు. ఆ ఓడ మీద పనోళ్ళు నవ్వితేనే డ్యూటీ మొదలైతది. ఫోన్ నవ్వును చూసి ఒప్పుకోవాలె. "స్మైల్, తూబా."

తూబా నవ్వింది. ఫోన్ టుంగుమని ఎర్రగైంది.

"సరిగ్గా నవ్వు. ఇంకోసారి."

నవ్వింది. మల్ల ఎరుపే.

"ఏంటి, కొత్తా నీకు? పళ్ళు కనపడాలి. కళ్ళు కూడా నవ్వాలి. అమ్మానాన్నా నేర్పలేదా ఏంటి నవ్వడం?"

సత్యమ్మ చేతుల గ్లాసు ఉన్నట్టుండి చురుక్కుమన్నది. ఉలిక్కిపడి బల్ల మీద పెట్టింది. నీళ్ళు బుడబుడమని తెర్లుతున్నయి. "అయ్యో, మల్ల నాకొచ్చిందే కొండమ్మా" అన్నది. కాని తన లోపల చూసుకుంటే కోపం లేదు, సిగ్గు తప్ప ఏం లేదు. కొండమ్మ ఆమె చెయ్యి పట్టుకొని చూసింది.

"నువ్వు కాదక్కా. నీ పెయ్యి సల్లగున్నది."

ఇద్దరు తూబా దిక్కు చూసిన్రు. పిల్ల ఫోన్ ముంగట కదలకుండ నిలబడ్డది. నవ్వు లేదు. ఆ మొఖం మీద నవ్వు లేకుంట చూసుడు సత్యమ్మకు అదే మొదలు. కాళ్ళ కింద చప్పుడు పల్చబడి, పల్చబడి, ఆగింది. కిటికీ అవుతల సముద్రం మీద ఆవిరి ఒడ్డు దాక లేచింది, కొచ్చి కనపడలేదు. సత్యమ్మ జిందగీల ఎన్నడు అంత నీళ్ళు కాగబెట్టలేదు.

సత్యమ్మ లేవబోయి ఆగింది. ఇది తాను పలికే జాగ కాదు. గట్టిగ నోరు మూసుకొని కూసున్నది.

తూబా కాయితం తీసుకొని నిమ్మలంగ మడిచి, బల్ల మీది తెర్లే గ్లాసుల వేసింది. సిరా కరిగి నీళ్ళు నీలమైనయి. సుశాంత్ ఫోన్ దించిండు.

కెప్టెన్ ఈసారి ఉరుకొచ్చిండు. సత్యమ్మ ముంగట నుంచే పోయిండు కాని ఆమె దిక్కు చూడలేదు. తూబా ముంగట నిలబడి, నెత్తి మీది టోపి తీసిండు.

"చెప్పమ్మా. ఏం కావాలె?"

తూబా భుజం మీది సంచి దించి కింద పెట్టింది. ఎదురుంగ సుశాంత్‌ను చూసింది, కెప్టెన్‌ను చూసింది.

"మీరు ఏదన్న మాట్లాడాలంటే కూసోని మాట్లాడుతరు గద. నాకు సుత ఒక కుర్చీ ఎయ్యున్రి. చాన చెప్పేదుంది" అన్నది.

సుశాంత్ పోయి కుర్చీ మోసుకొచ్చిండు.