రేమండ్ పూసిన జిగురు

తూము జాలీలో ఇరుక్కున్న వెంట్రుకలను లోర్నా వేళ్ళతోనే లాగి పారేసింది. అమెరికాలో, ఒరెగాన్ తీరాన బండ్లలో బతికేవాళ్ళు దిగే ఆ క్యాంపులో స్నానాల గదులు కడగడం ఆమె పని. కొద్దిపాటి జీతం, ఇల్లూ బండీ ఒకటే అయిన తన మోటర్‌హోమ్ నిలుపుకోవడానికి చోటు. పొట్టి మనిషి, డెబ్బై దాటాయి, మోకాళ్ళు వంగనంటాయి. అయినా ఆమె కడిగిన గదిలో నేలమీద కూర్చుని భోంచెయ్యొచ్చు.

తుడుపుకర్ర ఆరేసి బండికి వచ్చింది. మంచం తలాపున గోడ మూల తడికి ఉబ్బి మెత్తబడింది. బండి పాడైపోతే స్పోకేన్ ఊళ్ళో చెల్లెలి ఇంటి నేలమాళిగే గతి. చెల్లెలు మంచిదే. కానీ ఇన్నేళ్ళూ తన తలుపుకు తనే గొళ్ళెం పెట్టుకున్న మనిషికి ఆ మంచితనమంటేనే భయం.

పక్క బండిలో ఉండే డెల్మర్ ఒకప్పుడు అడవిలో చెట్లు కొట్టినవాడు. వచ్చి గోడ నొక్కి చూశాడు.

"పుట్టగొడుగులు పెంచుతున్నావా లోర్నా? వదిలేసెయ్. తుక్కువాడైనా తీసుకుంటాడో లేదో!"

"నా ఇంటిని తుక్కన్నావంటే నీ పళ్ళ సెట్టు దాచేస్తా. నిచ్చెన పట్టుకో."

బండి కప్పు మీదికెక్కితే సంగతి తెలిసింది. బండ్లలో బతికేవాళ్ళందరూ చేసే తప్పే ఆమె భర్త రేమండూ చేశాడు. ఏటా వానలకు ముందు, కప్పు అతుకుల మీది పాత జిగురు గీకకుండా దానిమీదే కొత్తది పూసేవాడు. సందుల్లో దూరిన నీళ్ళు బయటికి దారిలేక గోడలోనే ఉండిపోయాయి. ఆయన పోయాక ఆమె కూడా అలాగే పూస్తూ వచ్చింది, ఆయన చేతిమీద చెయ్యి వేసినట్టు.

"ఏం చేద్దామంటావ్?" కిందనుంచి అడిగాడు డెల్మర్.

లోర్నా ఆ జిగురు పొరలను అరచేత్తో నిమిరింది.

"గీకేద్దాం. పాపం, ఈ పని ఆయనకి ఎప్పుడూ సరిగ్గా రాలేదు."

కుళ్ళిన చెక్కంతా, గట్టి చెక్క తగిలేదాకా, తనే కోసి తీసింది. డెల్మర్ పలక పట్టుకుంటే మరలు తనే బిగించింది. పైన పాత జిగురంతా గీకి, అతుకులు ఆరాక కొత్తది పూసింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో! చూసినవాళ్ళెవరైనా మెచ్చుకోక తప్పదు. చీకటి పడేసరికి మూల గట్టిపడింది.

రాత్రంతా కుండపోతగా వాన. పొద్దున స్నానాల గదుల తాళం తియ్యలేదని జనం గొణుక్కుంటుంటే డెల్మర్ వెళ్ళి ఆమె తలుపు తట్టాడు. పలుకు లేదు. తన దగ్గర ఉంచమని ఆమె ఇచ్చిన మారు తాళంచెవితో తీశాడు. లోర్నా కొత్త గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. డెల్మర్ టోపీ తీసి మంచం అంచున కూర్చున్నాడు.

కారితే పట్టుకుంటుందని ఆ మూల కింద ఆమె పెట్టుకున్న సొట్టగిన్నెలో చుక్క నీరు లేదు.