చేయని తప్పు

సాయవ్వ ఇసుర్రాయి తిప్పుతోంది. కుడి భుజం లాగేసరికి పిడిని ఎడమ చేతికి మార్చుకుంది. చెమటకు జొన్నపిండి అంటి చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. మొగుడు పోయినప్పటి నుంచి, తొమ్మిదేళ్లుగా, సిద్దిపేటలో వకీలు దత్తాత్రి ఇంటి వెనక పంచలో ఆమెది ఇదే చోటు. అప్పటికి చంటిపిల్లగా ఉన్న కూతురు లచ్చవ్వ ఇప్పుడు పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది.

వకీలు కూతురు సుభద్రదీ అదే వయసు. దూలానికి వేలాడే కందిలి దీపాన్ని మునివేళ్ల మీద లేచి అందుకోబోయి జారవిడిచింది. గాజు భళ్లున పగిలింది. యుద్ధం రోజులు, కందిలి గాజు దొరకడమే గగనం. సాయవ్వ అంతా కళ్లారా చూసింది.

"ఎవరు పలగొట్టింది?" వకీలు కేక వేస్తూ వచ్చాడు.

లచ్చవ్వ చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. "నేనే బాంచెన్. తప్పయింది."

నిజం సాయవ్వ నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె చేయి పిల్ల మెడ మీద పడి తలను ఇంకా కిందికి వంచింది. "కాల్మొక్కుతా దొరా, తెల్వని పోరి."

"అది కాదు నాయినా, నేనే పలగొట్టిన," అంది సుభద్ర తండ్రి కళ్లలోకి చూస్తూ. "అంత మీద ఎవరు కట్టమన్నరు?"

వకీలుకు నవ్వొచ్చింది. కూతురి ధైర్యానికి మురిసిపోయి బుగ్గ గిల్లాడు. లోపలి నుంచి ఆయన భార్య కూడా నవ్వింది. "చెయ్యని తప్పు ఒప్పుకున్నదేంది, పిచ్చిపిల్ల!"

సాయవ్వ మళ్లీ రాయి తిప్పింది. సాయంత్రం దాకా తలెత్తలేదు.

పొద్దు వాలుతుండగా ఇంటిదారిలో కూతుర్ని అడిగింది. "నువ్వు పలగొట్టలేదు గదనే. ఎందుకట్లన్నవ్?"

"దొర కోపంగ అడిగితే నువ్వట్లనే అంటవు గదా అవ్వా."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, మెచ్చుకుంటుందేమోనని తల్లి ముఖంలోకి చూసింది. సాయవ్వ ముఖం తిప్పుకుంది. ఆ చిన్న మెడ ఎంత సులువుగా వంగిందో అరచేతికింకా తెలుస్తూనే ఉంది.

మెదక్‌లోని బోర్డింగు బడి పంతులమ్మ రూతమ్మ పక్కవాడలో చుట్టాలింట్లో దిగి ఉంది. పిల్లను చదివిస్తానని రెండుసార్లు అడిగితే, పనిలో సాయం ఎవరుంటారని సాయవ్వే కాదంది. ఇప్పుడు సాయవ్వ ఇంటికి పోకుండా పిల్లను అటే తీసుకెళ్లేసరికి పంతులమ్మ మెదక్‌కు బయలుదేరుతోంది, బండికి ఎద్దులను కడుతున్నారు.

"తీస్కపో పంతులమ్మా," అంది సాయవ్వ.

లచ్చవ్వ బండెక్కి, మెత్తగా పరిచిన గడ్డి వదిలేసి, ఓ మూలకు ముడుచుకుంది.

"నడుమ కూసో బిడ్డా." సాయవ్వ గడ్డి మీద చెయ్యి తట్టింది. "చెయ్యనిది చేసిన అనకు. నా లెక్క కాకు."

బండి కదిలింది. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే పంతులమ్మ ఏమంటుందోనని పెదవి కొరుక్కుంటూ కూర్చుంది.

చీకటి పడకముందే సాయవ్వ గుడిసె చేరింది. తలుపు మూలన, పిల్ల చేతులకు సరిపోయేలా తానే పొట్టిగా కోసి కట్టిన చీపురు ఆనించి ఉంది.